పెంచలకు ఎత్వం

కావలి ట్రంకు రోడ్డులో
సుభాని షీల్డుల అంగడికి పోయాను,
బహుమతిని గుడ్డసంచిలో పెట్టుకొని.

ఇత్తడి రేకు మీద నేను "పంచల ప్రసాద్".
ఎత్వం ఒక్కటి ఎగిరిపోతే
పెంచలకోన సామి పేరు
దండెం మీద ఆరేసిన పంచ అయింది.

ఉత్తమ కవిని కాదు, ప్రజలు మెచ్చిన కవిని.
ప్రజలంటే నూట నలభై మూడు ఓట్లు.
మా బావమరిది ఆఫీసులోవి ముప్పై,
ఉలవపాడు మామిడికాయల వ్యాపారి
మొహమాటానికి వేయించినవి పాతిక,
నాది ఒకటి.
ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు,
రెండో ఆయన నూట నలభై రెండు దగ్గర
నా వీపు మీద ఊపిరి వదుల్తా ఉంటే.

సుభాని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
"ఎత్వం ఇరికించేదానికి చోటు లేదు సార్,
రేకు తిప్పి చెక్కుతా" అని
మేకులు పీకాడు.
వెనక ముందే ఎవరో ఉన్నారు:
జలదంకి జట్టు, కబడ్డీ, ద్వితీయ, 1996.

"ఓహో, ఇది ఒకసారి తిప్పిందే" అని నవ్వాడు.
పైఅరలో ఇంకా ఉన్నాయట, ఎవురూ రానివి,
ముగ్గుల పోటీ, ఉత్తమ రొయ్యల రైతు,
పేర్లు లేకుండా ఒక డజను.
"అది సరే, ఏందా కవిత? జెప్పండి, వింటా."

మొదలుపెట్టాను.
నాలుగో పాదం దగ్గర ఆగిపోయాను.
ఓట్లు మాత్రం ఒకట్ల స్థానంతో సహా గుర్తున్నాయి.

అప్పుడింకొకటి నోటికొచ్చింది,
ఏ పోటీకీ పంపనిది.
రొయ్యల షెడ్డులో పొద్దంతా తలలు తుంచి
ఐసు నీళ్ళకు నాని తెల్లబడ్డ వేళ్ళతో
మా అక్క
నిద్రపోయే కూతురికి జడ అల్లిన సంగతి.

సుభాని మిషను ఆపాడు.
బాగుందనలేదు.
"మా ఇంటామె గూడా ఆ షెడ్డే" అన్నాడు,
టీకి పిలకాయను పంపాడు.

డబ్బులు తీసుకోలేదు. మేకులు కొత్తవి వేశాడు,
కబడ్డీ వైపు పైకి పెట్టి.

ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతారు,
ఆడేవాడివా అని.
కూతకు పోయేవాణ్ణంటాను.

అబద్ధమెందుకు,
మొన్నొకరాత్రి మేకు వదులు చేసి
రేకు ఎత్తి చూసుకున్నాను.
పంచల ప్రసాద్ అక్కడే ఉన్నాడు,
చీకట్లో, జలదంకి జట్టుకు వీపు ఆనించి.