ఎవరూ ఆడనప్పుడు

మాదాపూర్‌ల ఆరో అంతస్తు.
నా తెరమీద గ్రీకుల కమ్మరి దేవుడు, హెఫైస్టస్,
ఇంకా చర్మం అతికించని బూడిదరంగు బొమ్మ.
కాలు అవిటిదని
ఆకాశం నుంచి తల్లే విసిరేసిందట.

నడక కోసం రాణీగంజ్ పోయిన.
షట్టర్లకు వెల్డింగ్ చేసే జహంగీర్ భాయ్
కుడికాలు ఈడ్చుకుంట సిలిండర్ దాకా పోయొచ్చిండు,
నా ఫోనుల పదకొండు సెకన్లు.
"దేవునికి నా నడకనా?" అని నవ్వి
నల్లద్దం ముఖం మీదికి దించుకున్నడు.
చాయ్ పైసలు కూడా ఇయ్యనియ్యలే.

మూడు వారాలు
ఎముకకు ఎముక ముడేసి ఆ నడక ఎక్కించిన.
సోమవారం క్లయింటు దగ్గర్నుంచి ఒకటే ముక్క:
కుంటు తీసేయండి.
భుజాలు పెంచమన్నరు, గడ్డం కత్తిరించమన్నరు,
సుత్తికి మంట పెట్టమన్నరు.
పెట్టిన. జీతం జీతమే.

ఇప్పుడాయన ఉరుకుతడు, మేడలు దుంకుతడు,
జియస్ పిడుగును ఒంటిచేత్తో ఆపుతడు,
అచ్చం పక్క ఆటల దేవుని లెక్క.

కానీ ఎవరన్నా ఆట నడుమ
కంట్రోలర్ సోఫాల పడేసి
బిర్యానీ పార్సిల్ కోసం తలుపు దాకా పోతే,
ఇరవై సెకన్లు చాలు,
దేవుడు అటూ ఇటూ చూస్తడు.
సుత్తి కిందికి దించుతడు.
బరువంతా ఎడమకాలు మీదికి మెల్లగ జార్చుకొని
కుడిదాన్ని జరంత ఈడ్చి
లేని షట్టర్‌కు ఆనుకున్నట్టు నిలబడతడు.

టెస్టింగోళ్లు తప్పని రాయలే.
సహజంగా ఉంది, అని రాసిన్రు.
ఫైలు పేరు మాత్రం నేనింకా మార్చలే:
రాణీగంజ్ పదకొండు.