చూరు వరస

శివరాత్రి ఇంకో వారం ఉందనగా
చలి గడప దాకా వచ్చి చెప్పులు వెతుక్కుంటోంది.
నేను కొంగు బిగించి నిచ్చెన ఎక్కాను.

ఇల్లు నేసే దొరస్వామి ఊళ్ళో లేడు.
తిరుత్తణిలో బాత్రూములకు నున్నటి టైల్స్ అతికిస్తున్నాడు.
ఫోన్ చేస్తే
"నాటు పెంకులా? ఇంకా ఉండాయా?" అన్నాడు,
ఎప్పుడో పోయిన చుట్టం బతికే ఉందని విన్నట్టు.
బట్టనూ నేస్తామంటాం, ఇంటినీ నేస్తామంటాం.
ఒక నేత వచ్చు కదా అని రెండోదానికి తెగించాను.

కింద మా అత్త, దేశమ్మ.
నలభై ఏళ్ళు పడుగులో తెగిన పోగులు వెతికి వెతికి
చూపునంతా లుంగీల్లో కలిపి నేసేసిన మనిషి.
ఆమెకు కన్నం కనబడదు.
మగ్గం ఆపి, తలుపులు మూయించి,
చీకట్లో అరచేయి చాచి నడుస్తుంది,
పెనం కాలిందో లేదో చూసినట్టు.
ఎక్కడో ఒకచోట ఎండ బిళ్ళ చేతిలో పడుతుంది.
ఆ వెచ్చదనాన్ని పోగులా పట్టుకుని
పైపైకి, వాసాల దాకా చేయెత్తుకుంటూ పోయి
వెదురుకట్టెతో పొడుస్తుంది.
"ఈడొకటి మే!"

టక్కుమన్న చోటికి నేను పాక్కుంటూ పోవాలి.
బరువు వాసం మీద పెట్టు, పెంకు మీద కాదు:
దొరస్వామి చెప్పినవాటిలో ఇదొక్కటే గుర్తుంది.

కొండ దిగొచ్చిన కోతులు విరగ్గొట్టినవి ఎనిమిది.
దీపావళి రాకెట్టు పుల్ల ఒకటి, దాని కింద నల్లటి పగులు.
తేలు. దానికీ నాకూ ఒకేసారి గుండె ఆగింది.
వరసల మధ్య ఉడుత గూడు,
ఎర్ర పోగు, నీలి పోగు, పచ్చ గళ్ళ అంచు:
మేం ఊడ్చి పారేసిన చెత్తతో
మాకంటే మెత్తగా నేసుకుంది.
దాన్ని కదపలేదు.

కార్తీకంలో తుపాను తీరం దాటిన రాత్రి
ఇంట్లో ఉన్న ఒక్క పట్టా మగ్గానికి కప్పి
మేం ముగ్గురం తడిశాం.
అయినా పన్నెండు లుంగీలకు మరక పడింది.
"మరక మరకే, తుపానుదైనా టీదైనా"
అని మేస్త్రీ కూలి కోసుకున్నాడు.
ఆ మరక పడ్డ చోటు ఇప్పుడు నా మోకాలి కింద ఉంది.
వేలు పట్టేంత సందు, అంతే.
అందులోంచి చూస్తే మగ్గం, పక్కనే అత్త అరచేయి,
చేతి నిండా ఎండ.

మొత్తం పంతొమ్మిది.

కొత్త పెంకు ఎక్కడా దొరకదు.
పుత్తూరు దారిలో ఆవం ఆరి పదేళ్ళు.
అందుకే చూరు దగ్గరికి దిగి
చివరి వరస విప్పుతాను,
నడింటి మీద కప్పడానికి.
పోయినేడూ ఇంతే. అంతకు ముందేడూ.
పాత పంచె అంచు చించి
నడుమ చిరుగుకు మాసిక వేసినట్టు.

సాయంత్రమైంది.
నగరి కొండ ముక్కు మీద పొద్దు ఎర్రగా కూచుంది.
నిచ్చెన దిగి చూస్తే
వాకిట్లో మెట్టు మీద నీడ లేదు.
ఈసారి వానలకు చెప్పులు లోపల విడవాలి.

పెళ్ళై వచ్చిన రోజు ఈ చూరు నా నుదుటికి కొట్టుకుంది.
"వంగి రావాలమ్మా ఈ ఇంటికి" అని ఎవరో నవ్వారు.
ఏడాదికో వరస పోయి పోయి
అది ఇప్పుడు నా తలకు జానెడు పైన ఆగిపోయింది.
నిటారుగా నడిచి పోవచ్చు.

అత్త చేయి కడుక్కోవడానికి బయటికొచ్చింది.
గడప దాటి, రెండడుగులు వేసి,
చూరు ఉండాల్సిన చోట
తల వంచింది,
ఒట్టి గాలి కింద నుంచి జాగ్రత్తగా దాటి
మళ్ళీ తలెత్తింది.

"అన్నీ మూసుకున్నాయా?" అంది.
మూసుకున్నాయన్నాను.