ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా

యూనివర్సిటీ వాళ్లు చేతికిచ్చింది నలభై రెండు పేజీలు.
ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా
నాలుగు పేజీలు చెయ్యమన్నారు.
డండీలో నా కొలువు అదే.
టే నది మీద మంచు ఇంకా లేవకముందే
పొడుగు మాటల్లోంచి ముళ్లు ఏరుతూ కూర్చోవడం.

రాండమైజేషన్ దగ్గర ఒక పూటంతా ఆగిపోయాను.
బొమ్మా బొరుసా, అని రాశాను.
ప్రొఫెసర్ గారు కొట్టేశారు, చులకనగా ఉందట.
"ఏ గుంపో కంప్యూటరు తేలుస్తుంది,
మేం కాదు, మీరు కాదు, మీ డాక్టరూ కాదు."
సరే.
నాణెం మాత్రం నా లోపల
ఇంకా కింద పడలేదు.

మంగళవారం ఎఫీ లామండ్ వచ్చింది. ఎనభై ఒకటి.
పదిహేనో ఏట జనపనార మిల్లులో చేరింది.
ఊపిరితిత్తుల్లో దుమ్ము, చెవుల్లో మగ్గాల హోరు మిగిలాయి,
మిల్లు మిగల్లేదు. అక్కడిప్పుడు ఫ్లాట్లు.
నేను చదువుతుంటే కాగితం చూడదు, నా పెదాలే చూస్తుంది.
ఆ మోతలో మాట వినబడక
ఆడవాళ్లంతా పెదాలతోనే ఊసులాడుకునేవారట.

మా నాన్న నెల్లిమర్లలో అదే నార దగ్గర దగ్గేవాడు.
ఆమెకది చెప్పలేదు.
ఫారంలో అలాంటి గడి లేదు.

నిదానంగా చెప్పాను, పెదాలు కనబడేట్టు:
ఇది వైద్యం కాదమ్మా, ఒక ప్రశ్న.
ఈ మాత్రకు దగ్గు తగ్గుతుందా లేదా అని.
సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర.
రెండూ తెలుపే, రెండూ గుండ్రమే, చేదు కూడా ఒకటే.
ఎవరికేదో నాకు తెలీదు, నర్సుకూ తెలీదు.
తెలిస్తే మా మొహాలే చెప్పేస్తాయి,
మీరసలే పెదాలు చదివే మనిషి.

నవ్వింది. నవ్వు దగ్గయింది.
అది ఆగేదాకా ఇద్దరం
కిటికీలోంచి రైలు వంతెన చూస్తూ ఉన్నాం.

"నాకు నయమవుతుందా?"

నలభై రెండు పేజీల్లో ఈ ప్రశ్న ఇలా ఎక్కడా లేదు.
జవాబు ఉంది, ముప్పై ఒకటో పేజీలో, పదకొండు వరుసల్లో.
తెలీదు, అన్నాను.
మీకు కాకపోవచ్చు. మీ తర్వాత దగ్గేవాళ్లకు కావచ్చు.
వద్దనిపిస్తే మధ్యలోనైనా మానెయ్యండి,
కారణం చెప్పక్కర్లేదు.
"చెప్పక్కర్లేదా?"
రెండుసార్లు చెప్పించుకుంది.
మిగతా అంతా నమ్మి అదొక్కటే నమ్మలేనట్టు.
మిల్లులో ఒంటికి వెళ్లాలన్నా
మేస్త్రీ ముందు చెయ్యెత్తి నిలబడాలట.

సంతకం పెట్టింది,
కలం కాగితంలోకి దిగబడేలా.

ఏడాదిన్నర.
పన్నెండు సీసాల రక్తం, గొట్టంలోకి ఊదడాలు,
రాత్రి ఎన్నిసార్లు దగ్గిందో రాసుకునే చిన్న డైరీ.
అందులో ఒక పేజీలో దగ్గుల లెక్క లేదు,
"వాన. పిల్లి తిరిగి రాలేదు" అని ఉంది.
టాక్సీ డబ్బులు వాపసు, ఒక టీ, రెండు బిస్కెట్లు.

ఫలితాలొచ్చాయి. ప్రొఫెసర్ గారి వాక్యం
గణాంకపరంగా గణనీయమైన, అంటూ మొదలై
ఊపిరి తిప్పుకోకుండా ఆరు వరుసలు నడిచింది.
నేను మూడు మాటలు రాశాను.
మందు పని చెయ్యలేదు.
ఈసారి కొట్టెయ్యలేదాయన.
కళ్లజోడు తీసి తుడుచుకుని
మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు.
ఆ మాత్ర మీద ఆయనవి తొమ్మిదేళ్లు.

ఉత్తరం పోస్టులో వెయ్యబుద్ధి కాలేదు.
లాకీలో మూడంతస్తులు ఎక్కాను.
తలుపు దగ్గరే చదివింది,
కాగితం తిప్పి వెనకేమైనా ఉందేమో చూసింది.
"అంటే నేను మింగిందంతా సుద్దా?"
అవును.
"అసలు మందు మింగినవాళ్లకీ తగ్గలేదా?"
లేదు.
"ఇక ఎవరికీ ఇవ్వరుగా దాన్ని?"
ఇవ్వరు.
"హమ్మయ్య," అనలేదు.
"టీ తాగుతావా?" అంది.

తాగి, మెట్లు దిగి, రోడ్డు మీంచి పైకి చూస్తే
కిటికీలో ఉంది.
అద్దం అవతలనుంచి పెదాలు కదిపింది,
పెద్దగా, నిదానంగా,
ఆరో తరగతి పిల్లకి చెప్పినట్టు.

నాకు అర్థం కాలేదు.
తల మాత్రం ఊపాను.