డాక్టరమ్మ వచ్చే లోపల

దీపాలన్నీ వెయ్యొద్దు.
ఏసీ పద్దెనిమిదిలో ఉంటే కాస్త పెంచండి.
గావా తర్వాత తాగుతాది.
ముందు ఆమెకు కావాల్సింది
ఒక కుళాయి, ఒక సబ్బు, ఉతికిన తువ్వాలు.

ఇవన్నీ చెప్పేదానికి నేనేం డాక్టర్ని కాదు,
డ్రైవర్ పెంచలయ్యని.
ఆరేండ్లుగా కువైట్ రాత్రుల్లో
ఇంతిసార్ డాక్టరమ్మ బండి తోల్తా,
ఆవిరి మిషను మోస్తా,
ఐదో రింగు రోడ్డు మీద ఆమె కునుకు తీస్తే
రేడియో గొంతు తగ్గిస్తా.
సూడాన్‌లో అత్‌బరా అనే రైళ్ల ఊరు ఆమెది.
ఏ కూతకూ ఉలిక్కిపడదు,
బిడ్డ ఏడుపు ఆగిపోతే మాత్రం కండ్లు తెరుస్తాది.

గుమ్మంలోనే నిలబడిపోతాది.
ఏందీమె లోపలికి రాదు అనుకోవద్దు.
అక్కణ్ణించే బిడ్డ రొమ్ము ఎగిసి దిగేది
లెక్కబెడతా ఉంటాది.
తర్వాత చెప్పులిడిసి కింద కూచుంటాది.
ఎన్నిసార్లు ఒంటికి పోసినాడని అడుగుతాది,
సిగ్గుపడకుండా లెక్క చెప్పండి.
గుండె చూసే బిళ్ళను అరచేతిలో
కోడిపిల్లను పట్టినట్టు పట్టి వెచ్చబెడతాది.
ముందు బొమ్మ ఒంటెను చూస్తాది,
ఒంటెకు జరం లేదని తేల్చి చెప్తాది.

చాలాసార్లు సూది వెయ్యదు.
ఇంత దుడ్డు తీసుకుని సూదెయ్యలేదేమని
మొహాలు చిన్నబోతాయి.
దానికి నేనేం జేసేది.

మొన్న బయాన్‌లో ఒక విల్లా.
మూడంతస్తులు, రెండు దీవానియాలు,
నాలుగేండ్ల ఫవ్వాజ్. మూడు రాత్రులుగా జరం.
కడుపేమో అంది తల్లి.
పళ్ళేమో అంది అవ్వ.
దిష్టి అని కూడా అన్నారెవరో, తలుపెనక.
డాక్టరమ్మ అరబ్బీలో అడిగితే
వాడు గోడ వైపు తిరిగినాడు.
తల్లి స్కూలు ఇంగ్లీషులో అడిగితే
దిండులోకి మునిగినాడు.
దిండులోంచి ఒకటే మాట:
నొప్పి.

ఎవరికీ తెలీలేదు.
అదేదో కార్టూన్ పేరు అంది వాళ్ళక్క.
నేను గుమ్మం పక్కన మిషను పట్టుకుని ఉన్నా,
ఒళ్ళు జలదరించింది.
అలమ్, అన్నా. నొప్పంట మామా.
అందరూ నా వైపు తిరిగినారు,
మిషను మాట్లాడినట్టు.

డాక్టరమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదు.
అడుగు, అంది.
మోకాళ్ళ మీద కూచున్నా.
యాడరా నాయనా నొప్పి?
వాడు దిండులోంచి ఒక కన్ను బయటికి తీసినాడు.
సెవి, అన్నాడు.

చెవి కాదు. సెవి.
మా పుల్లంపేట పక్క అనే సెవి.
ఆ మాట ఎవరి నోట్లోంచి వాడి నోట్లోకి వచ్చిందో
అప్పుడు గుర్తొచ్చింది ఇంటికి.

ఓబులమ్మ.
మూడు రాత్రులు వాణ్ణి భుజాన మోసి
ఆ సాయంత్రమే ఉతుకుల గదిలో ఒరిగిందంట.
తల్లి లేపబోయింది.
వద్దు, అంది డాక్టరమ్మ,
లైటు గొట్టం ఎడమ చెవిలో పెట్టి చూస్తానే.
లోపల ఎర్రగా ఉబ్బి ఉండాది.
రాత్రిపూట వీడికి మందు తాపేది ఎవరు?
తల్లి కాసేపు పలకలేదు.
ఆమే, అంది.

చీటీ ఎనక తెలుగులో రాయమంది నన్ను.
ఏడో తరగతి చేతిరాత నాది,
ఒత్తులు నాకెప్పుడూ లొంగలేదు.
పొద్దున ఐదు మిల్లీ, రాత్రి ఐదు మిల్లీ.
జరం తగ్గినా ఆపొద్దు.
సెవిలో నూనె పొయ్యొద్దు.
ఆ చివరిది డాక్టరమ్మ చెప్పలేదు,
మన అలవాటు నాకు తెలుసు గదా.
కింద ఇంకొంచెం చోటు మిగిలింది.
ఏం రాయాలో తోచక
నువ్వు తిన్నావా అని రాసి, కొట్టేసినా.

బండెక్కినాక ఆమె చిన్న పుస్తకం తీసి
యాడ నొప్పి అని
కుడి నుంచి ఎడమకు రాసుకుంది.
ఇంక ఫింతాస్ పోవాల. ఆర్నెల్ల పాప, దగ్గు.
సబ్బు వాసన బండంతా.
సిగ్నల్ దగ్గర పెదాలు కదిలిస్తా ఉంది,
యాద నొబ్బి, యాద నొబ్బి.
నేను దిద్దలేదు.