అరికాలి కొలత

కంచరపాలెం మెట్టు దగ్గర, రైల్వే గోడకి ఆనుకుని
సింహాద్రప్పడి షెడ్డు.
ముందు బండిని చూడలేదు, నా కాళ్లకేసి చూశాడు.
"ఎక్కమ్మా."
ఎక్కాను. సిమెంటు మీద మునివేళ్లు రెండే,
తడి గచ్చు మీద పిల్లి నడిచినట్టు.

నేను స్తంభాలెక్కే మనిషిని.
ముప్ఫై అడుగుల మీద, నడుముకి బెల్టు,
పళ్ల మధ్య ఇన్సులేషన్ టేపు,
కింద అరిలోవ కొండ మొత్తం చీకటి.
కాలు నేలకందుతుందా అని
అక్కడ ఎవరూ అడగలేదు.

అడిగింది కేజీహెచ్ డౌను.
ఎక్కుతుంటే ముందు ఆటో ఆగింది, వెనక అంబులెన్సు.
కుడికాలు బ్రేకు మీద. ఎడమకాలి కింద గాలి.
పడ్డాను, మెల్లగానే,
తాడు చుట్ట, హెల్మెట్టు, నేను, ఆ వరసలో.
"పాపం, చిన్నపిల్ల" అన్నారెవరో ఆటోలోంచి.
నాకు ముప్ఫై నాలుగు.

వెలిగించని బీడీ నోట్లో పెట్టుకుని లెక్క చెప్పాడు సింహాద్రప్పడు:
"సీటు నురగ చెక్కితే అంగుళం. ఆ దెబ్బ నీ నడుం తింటాది.
ముందు ఫోర్కులు క్లాంపులో పైకి జరిపితే ముప్పావు.
వెనక లింకు మారిస్తే ఇంకో ముప్పావు.
ఒక్కేపే దించకూడదు తల్లీ,
ముందో మాట, వెనకో మాట అయిపోతాది బండి.
మలుపులో నమ్మలేం."

స్టాండు కూడా కొయ్యాలన్నాడు.
అదెందుకు?
"పొట్టి బండికి పొడుగు స్టాండేస్తే తిన్నగా నిలబడతాది.
తిన్నగా నిలబడ్డదే గాలికి ముందు పడతాది.
తుపానుకి స్తంభాలు చూస్తావు గదా,
నీకు నేను చెప్పాలేటి?"

రంపం బ్లేడు కింద నురగ
పసుపు రంగు పొడిగా రాలింది.
టీ తెప్పించాడు. డబ్బులు నన్నే ఇమ్మన్నాడు.

తాటిచెట్లపాలెం సిగ్నల్లో ఆగాను.
ఎడమ అరికాలు, మడమతో సహా,
తారు వేడి బూటులోంచి తెలిసింది.
రెడ్ ఇంకాసేపు ఉంటే బాగుణ్ననిపించింది
బతుకులో మొదటిసారి.

మర్రిపాలెం స్పీడ్ బ్రేకరు మీద
బండి పొట్ట గీసుకుంది, కర్రుమని.
దించుకున్నదానికి వడ్డీ.

కుడికాలు ఇప్పటికీ అందదు.
అడిగితే, "కొంచెం పక్కకి జరిగి కూచో.
మిగతాది నీ నడుం నేర్చుకుంటాది" అన్నాడు.

నిన్న రాత్రి కప్పరాడ నుంచి ఫోను, ఫీడరు పోయిందని.
పైకెక్కి, తీగ కట్టి, కిందికి చూశాను.
వానలో బండి
ఎడమవైపు ఒరిగి నిలబడి ఉంది,
ఒంటికాలి మీద బరువేసి
ఎవరి కోసమో చూస్తున్న మనిషిలా.