పదకొండో కాలం

నల్లగొండ కోర్టు గోడకు ఆనుకొని నా రేకు డబ్బా.
పేజీకి ఇరవై, అఫిడవిట్ అయితే ముప్పై.
ఒక కంప్యూటరు, దగ్గుకుంట తిరిగే ఫ్యాను,
ఇంకు అయిపోవచ్చిందని నిరుటి సంది చెప్తున్న ప్రింటరు.

మెయింటెనెన్స్ ఫారంల పది కాలాలు జల్ది నిండుతయి.
పేరు, వయసు, పెండ్లయిన తారీకు, విడిపోయిన తారీకు,
పిల్లలెందరు, ఎవరి దగ్గర.
పదకొండో కాలం కాడ అందరూ మంచినీళ్లు అడుగుతరు:
ఇతర మార్గాల ఆదాయం.

నర్మద నిడమనూరు కెళ్లి వచ్చింది.
పక్కన ఏడేండ్ల పిల్ల, స్కూలు బూట్లకు లేసుల్లేవు.
"రాయన్నా" అన్నది, గుక్క తిప్పుకోకుండ.
"బత్తాయి తోటలు గుత్తకు పడతడు.
చెట్టు మీద కాయ చూసి టన్నులు చెప్తడు, తప్పు పోదు.
సీజన్ కాయకు ఒక రేటు, కత్తెర కాయకు దానికి రెండింతలు.
సొంత తోట మా అత్త పేరున. డీసీఎం బండి వాళ్ల బావ పేరున.
రైతుబంధు పడేది ముసలామె ఖాతాల,
ఏటీఎం కార్డు ఉండేది ఈయన జేబుల.
నూటికి మూడు మిత్తికి తిప్పుతడు,
నోట్లన్ని బియ్యం డబ్బాల ఉండేవి."

ఉండేవా, ఉన్నయా? అడిగిన.
"ఆ ఇంట్ల నేను లేను కదన్నా."
ఉండేవి అనే కొట్టిన.
భూతకాలానికి జడ్జిగారు ఎంత లెక్క కడతరో
నాకు తెల్వదు.

పదిహేను రోజులకు సైదులు వచ్చిండు.
ఆమె కూసున్న స్టూలు మీదనే కూసున్నడు, తెల్వక.
గోర్ల సందుల బత్తాయి తొక్క పసుపు.
"దినకూలి నాలుగొందలు. అదీ రోజూ దొరకదు. రాయి."
నేనేమనలే. ఆయనే ఫోను తీసి ఫోటో చూపెట్టిండు:
ఎండి కొట్టేసిన చెట్లు, మొదళ్లు వరసగా,
ఆరొందల అడుగులు దిగి దుమ్ము కక్కిన బోరు.
అది అబద్ధం కాదు. ఆ దుమ్ము నాకు ఎరుకే.
"ఏ కాలం రాయమంటవు సారూ?
ఎండకాలం రాస్తే నేను బిచ్చగాన్ని.
కత్తెర దిగినంక రాస్తే షావుకారిని."
పన్నెండు నెలలు కలిపి భాగించమన్న.
"మరి బాకీలు ఏ నెలల కలుపుతవు?" అని నవ్విండు.

ఒక్కటే తోట.
ఒక ఫైల్ల కాయ కాస్తున్నది, ఇంకో ఫైల్ల ఎండిపోయింది.
రెండూ నా కంప్యూటర్ల పక్కపక్కన పండుకున్నయి.
చెప్పొద్దు, అడగొద్దు. మా పనికి అదే నీతి.
నీతి గురించి నేనే చెప్పాలె!
సూర్యాపేటల నా సొంత కేసుకు
రోజుకు రెండొందలని నేనే టైపు చేసుకున్న.
ఆ పేజీకి పైసలు తీసుకోలే.

నర్మద మళ్ల వచ్చింది. ఆమె ఆదాయం కూడ పెట్టాలంట.
లైనింగు జాకెట్లు నెలకు ఇరవై, పెండ్లిళ్లుంటే నలభై,
ఫాల్సు, పీకో, ఒక బర్రె, అది వట్టిపోయి మూడు నెలలు.
"రాస్తే తగ్గిస్తరు, రాయకుంటే అబద్ధమైతది
అంటున్నది మేడం. నువ్వేమంటవన్నా?"
నేను ఫ్యాను దిక్కు చూసిన.

అప్పుడు పిల్ల అన్నది, స్క్రీను మీదికి వంగి:
"నాయిన స్కూలు గేటు కాడ ఇచ్చిన ఐదొందలు
ఏ గడిల వస్తయి?"

నర్మదకు ఆ ఐదొందల సంగతి తెల్వదు.
సైదులు నాకు చెప్పిన లెక్కల అవి లేవు.
కర్సరు కొట్టుకుంటున్నది.
లోపల ఎవరి పేరో మూడుసార్లు పిలిచి ఊకున్నరు.
ఆమె చానాసేపు పిల్ల కాళ్ల దిక్కు చూసింది.
"మరి లేసులన్న కొనుక్కోకపోతివా?"