నాలుక చప్పుడు

ఘాంజీలో ఆ వేళ కరెంటు నాలుగింటికి గాని రాలేదు.
అందాకా గావొలాతె కాగితం మీదే లెక్కలు వేశాడు:
సెకనుకు ఎనిమిది కిలోబిట్లయితే
టవరుకు బరువుండదు,
పశువుల కాపరి డేటా వారం నిలుస్తుంది.
పదహారయితే డబ్బు.
ఆ పైన మాటే ఎత్తొద్దన్నారు గాబరోన్ వాళ్ళు.

ఎనిమిదే ఖాయం చేశాడు.
దాని మీద, రొద వడకట్టే జల్లెడ ఒకటి.

మర్నాడు థామాయె ముసలమ్మ
ఆసుపత్రి అరుగు మీద ఫోను చెవికానించి
మనవరాలి సందేశం మూడుసార్లు విని
తిరిగిచ్చేసింది.
"ఎవరో పళ్ళూడినావిడ. నా పిల్ల కాదు."

గ్రాఫు తెరిచాడు.
నారో మాటలో
అంగిటికి తగిలి విరిగే ఆ టక్కుమనే హల్లు
ఉండాల్సిన చోటల్లా
చదును.
మైకుకు తగిలిన గోరనుకుంది జల్లెడ,
ఊడ్చేసింది.

అతని సెత్స్వానాలో ఆ చప్పుడు
గాడిదను అదిలించడానికే.
ఎవరింట్లోనైనా అంతేననుకున్నాడు ఇన్నాళ్ళూ.

జల్లెడ తీసేశాడు. ఇరవై నాలుగు వేశాడు.
ఖర్చు గడి ఖాళీగా వదిలి
మళ్ళీ వినిపించాడు.

ముసలమ్మ వినీ వినగానే
తిట్లు అందుకుంది,
ప్రతి తిట్టుకూ రెండు టక్కులు:
అడక్కుండా
మేకను అమ్మేసిందట పిల్ల.